కాప్రి దీవి: స్థానిక సరుకులు, దుస్తులు, కొనుగోళ్లు

నేపుల్స్ అఖాతానికి దక్షిణపు కొసన, సోరెంటో ద్వీపకల్పానికి ఎదురుగా సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి దీవి కాప్రి. వైశాల్యం పది చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కొండ నడుమ కాప్రి, ఇంకా పైన అనకాప్రి, ఈ రెండు పట్టణాల్లో కలిపి సుమారు 14,000 మంది ఉంటారు. అంత చిన్న చోటి పేరు మీద ప్రపంచమంతటా ఒక ప్యాంటు, ఒక చెప్పు, ఒక సలాడు, ఒక చాక్లెట్ బాదం కేకు చలామణీలో ఉన్నాయి. ఇటలీ దీవుల సరుకుల గురించి చెప్పేటప్పుడు సాధారణంగా మురానో గాజు, బురానో లేసు, సార్డీనియా వెండి జాలిపని ముందు గుర్తొస్తాయి. వాటికి తరతరాల వృత్తి చరిత్ర ఉంది. కాప్రికి అలాంటి పాత వృత్తి ఒక్కటీ లేదు. అక్కడ అమ్మే తోలు దీవిది కాదు, పట్టు దీవిది కాదు, పింగాణీ పలకలు దీవిలో కాల్చినవి కావు. అయినా కాప్రి సరుకు అనేది నిజంగానే ఒకటుంది, దాన్ని గుర్తుపట్టడానికి వేరే కొలత కావాలి. వస్తువు ఆ దీవి మీద, కొనే మనిషిని ఎదురుగా పెట్టుకుని పూర్తయిందా లేదా అన్నదే ఆ కొలత. ముడిసరుకు పుట్టిన చోటు, వస్తువుకు చెప్పుకునే వయసు రెండూ దీని తర్వాతే. ఈ కొలతతో చూస్తే పేరున్నవి కొన్ని జారిపోతాయి, పేరు లేనివి కొన్ని నిలుస్తాయి.

కాప్రి అంగళ్లు ఇలా ఎందుకు తయారయ్యాయో తెలియాలంటే పర్యాటకులు రాకముందు ఆ దీవి దేని మీద బతికిందో చూడాలి. సాగునేల తక్కువ, తాగునీరు మరీ తక్కువ. ఇప్పటికీ నీరు ప్రధాన భూభాగం నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టాల గుండా రావలసిందే. ద్రాక్ష, ఆలివ్, చేపలు ఉండేవి. ఏటా ఆఫ్రికా నుంచి వలస వచ్చే కౌజు పిట్టలు అలసిపోయి దీవి మీద వాలేవి, వాటిని వలలు కట్టి పట్టి నేపుల్స్‌కు అమ్మేవాళ్లు. ఆ రాబడిలో చర్చికీ వాటా ఉండటంతో అక్కడి బిషప్పుకు కౌజుల బిషప్పు అని పేరు పడింది. మగవాళ్లు పడవలెక్కి పగడాల వేటకు వెళ్లేవాళ్లు. 1826లో ఆగస్ట్ కోపిష్ అనే జర్మన్ కవి, తన స్నేహితుడైన చిత్రకారుడితో కలిసి, స్థానిక జాలరి దారి చూపగా దీవి ఒడ్డున ఉన్న నీలి గుహలోకి ఈది వెళ్లాడు. అతని రాతలతో ఉత్తర యూరప్ కళ్లు కాప్రి మీద పడ్డాయి. చిత్రకారులు, రచయితలు, ఊపిరితిత్తుల జబ్బుతో ఎండ వెతుక్కుంటూ వచ్చిన ధనికులు వరసగా చేరారు. 1845లో ఒక స్కాట్లండ్ వైద్యుడు ఆరోగ్య విడిదిగా మొదలుపెట్టిన క్విసిసానా తర్వాత పెద్ద హోటలయింది. 1907లో రేవు నుంచి పట్టణానికి ఎక్కే తాడు రైలు వచ్చింది. వచ్చేవాళ్లు పెరిగాక, వాళ్ల కాళ్లకు, ఒంటికి, ఇంటికి తీసుకుపోవడానికి ఏం కావాలో చూసి పనిచేసేవాళ్లు పుట్టారు. అంటే కాప్రిలో చేతిపని ముందు ఉండి కొనేవాడు తర్వాత రాలేదు. కొనేవాడే ముందు వచ్చాడు.

దీనికి అన్నిటికంటే మంచి సాక్ష్యం కాప్రి చెప్పు. అడుగు అట్ట తోలుది, దాదాపు చదునుగా ఉంటుంది, మడమ కింద ఒకటి రెండు పొరలు మించవు. అడుగులు వేర్వేరు సైజుల్లో ముందే కోసి దొంతరలుగా పేర్చి ఉంటాయి. గోడకు పట్టీలు వేలాడుతుంటాయి: మామూలు తోలువి, బంగారు పూతవి, రాళ్లు పొదిగినవి, అల్లినవి. కొనే మనిషి పీట మీద కూర్చుని అడుగు మీద పాదం మోపుతుంది. చెప్పులు కుట్టే అతను పట్టీని పాదం మీదుగా వేసి, వేళ్ల దగ్గర ఎంత బిగువు, చీలమండ దగ్గర ఎంత వదులు అన్నది చూసి గుర్తు పెడతాడు. తర్వాత అట్ట అంచున చీలిక కోసి, పట్టీ కొసను అందులోంచి కిందికి లాగి, జిగురు పూసి, చిన్న మేకులు కొట్టి, ఆ కొస కనబడకుండా పై పొరకూ కింది పొరకూ నడుమ మూసేస్తాడు. మళ్లీ తొడిగిస్తాడు. బొటనవేలి పక్కన ఒరుసుకుంటే అక్కడే విప్పి మళ్లీ కొడతాడు. ఒక పాదం రెండో దానికంటే కాస్త వెడల్పుగా ఉండటం చాలామందికి మామూలే. పెట్టెలో వచ్చే చెప్పుల జత ఆ తేడాను పట్టించుకోదు, ఈ పద్ధతి పట్టించుకుంటుంది. క్విసిసానా హోటల్ ఎదురుగా 1946 నుంచి ఉన్న కాన్ఫొరా దుకాణం ఈ పనికి పేరు తెచ్చింది. జాక్విలిన్ కెనెడీ అక్కడ చెప్పులు చేయించుకోవడంతో ఆ పేరు అట్లాంటిక్ దాటింది. అనకాప్రి వీధుల్లో కూడా ఇదే పని చేసే చిన్న దుకాణాలున్నాయి.

ఈ చెప్పుకు రోమన్ వంశవృక్షం తగిలించడం మామూలైపోయింది. టైబీరియస్ చక్రవర్తి క్రీ.శ. 27 నుంచి 37లో చనిపోయేదాకా ఎక్కువ కాలం కాప్రిలోనే ఉన్నాడు, అతని విల్లా జోవిస్ శిథిలాలు దీవి తూర్పు కొండ మీద ఇప్పటికీ ఉన్నాయి. రోమన్లు పట్టీల చెప్పులు తొడిగారు, కాబట్టి నేటి చెప్పు ఆనాటి దాని వారసత్వమే అంటారు. పట్టీల చెప్పు మధ్యధరా తీరమంతా ఉంది, మన దేశంలోనూ ఉంది. పోలిక ఉన్నంత మాత్రాన వారసత్వం ఉన్నట్టు కాదు. దుకాణాల అసలు చరిత్ర ఇరవయ్యో శతాబ్దానిది, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. దీన్ని ఒప్పుకుంటే చెప్పు విలువ తగ్గుతుందని భయపడనక్కర్లేదు. డెబ్భై ఎనభై ఏళ్లుగా ఒకే చోట, ఒకే పద్ధతిలో, తండ్రి చేతిలోంచి పిల్లల చేతికి వచ్చిన పని దానంతట అదే గౌరవించదగ్గ సంప్రదాయం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అడుగులు ముందే కోసి ఉంచారు, పట్టీలు ముందే అలంకరించి ఉంచారు, తోలు దీవి బయటి నుంచి వచ్చింది. మరి కొనేవాళ్ల కళ్ల ముందు జరిగేది ప్రదర్శన తప్ప తయారీ ఎలా అవుతుంది? అభ్యంతరంలో సగం నిజమే. పని అంతా అక్కడే జరగదు. అయితే చెప్పులో తేడా తెచ్చేది ఏ దశ అన్నది చూడాలి. పదునుగా కోసిన అట్ట ఎక్కడైనా దొరుకుతుంది. పట్టీ ఎక్కడ దిగాలి, ఎంత బిగియాలి అన్న నిర్ణయం మాత్రం ఆ పాదం ఎదురుగా ఉంటేనే తీసుకోగలరు. నడిచినప్పుడు చెప్పు ఊడిపోతుందా, ఒరుస్తుందా అన్నది ఆ నిర్ణయం మీదే ఉంది. మన దర్జీ బట్టను తాను నేయడు, దారం తాను వడకడు. అయినా జాకెట్టు ఆ దర్జీ కుట్టిందే అంటాం, అది సబబే.

దుస్తుల విషయంలో ఈ కొలత కొన్ని ఆశ్చర్యాలు చూపిస్తుంది. చీలమండకు పైన ఆగిపోయే బిగుతు కాప్రి ప్యాంటును 1940ల చివర జర్మనీలో, మ్యూనిక్‌లో పనిచేస్తున్న సోన్యా ద లెన్నార్ట్ రూపొందించింది. దీవి మీద ప్రేమతో ఆ పేరు పెట్టింది. 1950లలో సినిమా తారలు వేసుకోవడంతో అది ప్రపంచమంతా పాకింది. పుట్టుక ప్రకారం అది కాప్రిది కాదు. అయితే పియాజెట్టా అనే చిన్న కూడలిలో 1906 నుంచి ఉన్న లా పారిజియెన్ దుకాణం ఆ ప్యాంటును కొలతలు తీసుకుని కుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. నడుము, తుంటి, మోకాలి కింద పొడవు తీసుకుని, నచ్చిన గుడ్డతో దీవిలోనే కుట్టిన ప్యాంటును కాప్రిది అనడానికి సంకోచం అక్కర్లేదు. బయట పుట్టి, ఇక్కడ పెంపకానికి వచ్చిన సరుకు అది.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచింది ఎమీలియో పూచ్చి కథ. 1914లో నేపుల్స్‌లో పుట్టిన ఈ దొర బిడ్డ ఫ్లోరెన్స్ కులీన కుటుంబానికి చెందినవాడు, మంచు మీద స్కీయింగ్ ఆటగాడు, అమెరికాలో చదువుకున్నాడు. అతను రూపొందించిన స్కీ దుస్తుల ఫొటోలు 1948లో హార్పర్స్ బజార్ పత్రికలో వచ్చాయి. 1950లో కాప్రి దక్షిణ తీరాన మరీనా పిక్కొలాలో, ఇంగ్లండ్ గాయని గ్రేసీ ఫీల్డ్స్ నడిపిన లా కాంజోనె దెల్ మారె ఆవరణలో దుకాణం తెరిచాడు. ఆ కాలపు ఫ్యాషన్ దుస్తుల కింద కట్టుకోవలసిన బిగుతు లోదుస్తులు, అస్తర్లు, బరువు ఇవన్నీ ఎండకు, ఈతకు, పడవ ప్రయాణానికి పనికిరావని గ్రహించాడు. మడిచి చిన్న సంచిలో పెట్టుకోగల తేలిక దుస్తులు, దీవి రంగులు: లోతు నీలం, నిమ్మపండు పసుపు, బోగన్‌విలియా గులాబీ. కాప్రి లేకపోతే పూచ్చి అలా ఆలోచించి ఉండేవాడు కాడు. కానీ అతని సంస్థ పెరిగిన కొద్దీ పని ఫ్లోరెన్స్‌కు, అక్కడి నుంచి పరిశ్రమలకు చేరింది. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఎల్‌వీఎంహెచ్ సంస్థ అధిక వాటా కొన్నది, 2021 నాటికి మొత్తం దానిదే అయింది. అందుకని పూచ్చి స్కార్ఫు కాప్రి స్ఫూర్తి పొందిన మంచి వస్తువు. కాప్రి స్థానిక సరుకుల జాబితాలో దాన్ని చేర్చలేం. ఒక దీవి ప్రపంచ ఫ్యాషన్‌కు ఏమిచ్చిందన్నది ఒక ప్రశ్న, ఆ దీవిలో ఈనాడు ఏం తయారవుతోందన్నది మరో ప్రశ్న. పర్యాటక రాతల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్లే కొనేవాళ్లు తికమక పడుతున్నారు.

అత్తరు దగ్గర చెప్పుకునే వయసు సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1948లో మొదలైన కార్తూసియా పరిమళాల సంస్థ ప్రయోగశాల సెయింట్ జేమ్స్ మఠానికి దగ్గరలోనే ఉంది. ఆ మఠాన్ని 1371లో, నేపుల్స్ రాణి మొదటి జొవాన్నా దగ్గర కార్యదర్శిగా ఉన్న జాకొమో అర్కూచ్చి కట్టించాడు. 1380లో రాణి వస్తోందని మఠాధిపతి దీవిలోని మేలైన పూలు కోసి నీళ్లలో పెట్టాడని, మూడు రోజుల తర్వాత ఆ నీటికి పట్టిన వాసనే తొలి అత్తరు అని, ఆ పాత తయారీ విధానం 1948లో మళ్లీ దొరికిందని చెప్పుకుంటారు. వినడానికి అందమైన కథ. ఫ్రెంచి పాలనలో 1808లోనే ఆ మఠాన్ని మూసేశారన్నది కూడా గుర్తుంచుకోవాలి. నడుమ నూట నలభై ఏళ్ల ఖాళీ ఉంది. కథను కథగానే ఉంచి సీసాను చూస్తే, చిన్న మొత్తాల్లో కలిపి, దీవిలోనే నింపి, కట్టి అమ్మే పరిమళం అది. మాంటె సొలారో కొండ మీది రోజ్‌మేరీ, అడవి కార్నేషన్ లాంటి వాసనల ఊహ మీద అల్లినది. నచ్చితే కొనడానికి ఆ కారణం చాలు, రాణి సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు పాఠకుడికి ఎక్కువ దగ్గరగా వచ్చే సరుకు పగడం. కాప్రి కిటికీల్లో మెరిసే ఎర్ర పగడంలో అధికభాగం అఖాతం అవతల, వెసూవియస్ పాదాల దగ్గరున్న టోర్రే డెల్ గ్రెకో పట్టణంలో చెక్కినదే. అక్కడ 1878లో పగడపు పని నేర్పే బడి పెట్టారు. మధ్యధరా పగడానికీ మన నేలకూ ఉన్న బంధం చాలా పాతది. మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ, భారతీయుల ముత్యాలను రోమన్లు ఎంత విలువగా చూస్తారో రోమన్ల పగడాన్ని భారతీయులు అంత విలువగా చూస్తారని రాశాడు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో లివోర్నో రేవులోని యూదు వర్తకులు మధ్యధరా పగడాన్ని గోవాకు పంపి బదులుగా వజ్రాలు తెప్పించుకున్నారు. తర్వాత లండన్ వర్తకులు ఇదే బేరాన్ని మద్రాసు మీదుగా నడిపారు. ఆ వజ్రాల్లో గొప్ప భాగం కృష్ణా తీరపు గోల్కొండ గనులది. మన ఇళ్లలో మంగళసూత్రానికి నల్లపూసలతో గుచ్చే పగడాలకు, కుజుడి కోసం ఉంగరంలో పొదిగే పగడానికి వెనక ఈ సముద్రపు దారి ఉంది. ఇటలీలో కూడా పగడం కేవలం నగ కాదు, పసిబిడ్డల మెడలో దిష్టి తగలకుండా కట్టేది. ఇంత లోతైన చరిత్ర ఉన్నా, ఈ వ్యాసపు కొలత ప్రకారం కాప్రి పగడపు హారం ఎక్కువ సందర్భాల్లో టోర్రే డెల్ గ్రెకో సరుకే అవుతుంది. దాన్ని ఆ పేరుతోనే కొనడం చెక్కిన చేతికి న్యాయం. పగడం గుట్టలను గీరి లాగే పాత పరికరాన్ని యూరప్ సమాఖ్య 1994లో నిషేధించింది, ఇప్పుడు ఈతగాళ్లు లోతుకు దిగి చేత్తో తీయవలసిందే. అందువల్ల అసలు మధ్యధరా పగడం చౌకగా దొరకదు. చౌకగా దొరికితే అది రంగు వేసిన మరో రకమో, గాజో అయి ఉంటుందని అనుమానించాలి.

పింగాణీ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ఇంటి నంబరు పలకలు, నిమ్మపండ్ల బొమ్మల పళ్లేలు చాలా మట్టుకు సలెర్నో దగ్గరి వియెత్రి నుంచి వస్తాయి. ఇది కొత్త అలవాటు కూడా కాదు. అనకాప్రిలోని సాన్ మికేలె చర్చి నేల మీద 1761లో పరిచిన స్వర్గోద్యానపు రంగు పలకలు నేపుల్స్‌లో లియొనార్దొ క్యాయెసె చేసినవే. నిమ్మ మద్యం సంగతి వేరు. ఐరోపా రక్షిత గుర్తింపు 2000లో పొందిన సోరెంటో నిమ్మ సాగు పరిధిలోకి కాప్రి, అనకాప్రి కూడా వస్తాయి. కాబట్టి దీవి తోటలో కోసిన కాయ పైతొక్క మాత్రం తీసి, మద్యసారంలో నానబెట్టి, పంచదార పాకం కలిపిన సీసా ముడిసరుకులోనూ పనిలోనూ స్థానికమే. 1988లో కాప్రి వ్యాపారి ఒకరు ఈ మద్యం పేరు మీద వాణిజ్య ముద్ర నమోదు చేయించారు. సోరెంటో, అమల్ఫీ వాళ్లు మాత్రం పుట్టిల్లు తమదేనంటారు. సీసా వెనక కాయ ఏ ఊరిదో, ఎక్కడ నింపారో రాసి ఉంటే ఈ తగువుతో కొనేవాళ్లకు పని లేదు.

మరో వాదం తరచుగా వినబడుతుంది. వియా కమెరెల్లె వీధిలో బారులు తీరిన ప్రపంచ బ్రాండ్ల దుకాణాలే నేటి కాప్రి, వాటిని పక్కన పెట్టి మేకులు కొట్టే పీటల గురించి మాట్లాడటం పాతకాలపు మోజు అంటారు. ఆ వీధి కాప్రి ఆర్థిక జీవితంలో పెద్ద భాగమన్నది కాదనలేం. అక్కడ పనిచేసే దీవి వాసులున్నారు, వాళ్ల జీతాలు నిజమైనవి. కానీ మిలాన్‌లో, దుబాయిలో, హైదరాబాదులో దొరికే సంచినే కాప్రిలో కొన్నప్పుడు దీవి నుంచి వచ్చింది రసీదు మీది చిరునామా ఒక్కటే. పైగా ఏడాదిలో వ్యాపారం ప్రధానంగా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే, చలికాలంలో చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఆ ఏడు నెలల్లో అద్దె రాబట్టుకోగల శక్తి పెద్ద కంపెనీకి ఉన్నంతగా ఇద్దరు ముగ్గురు పనిచేసే చెప్పుల కొట్టుకు ఉండదు. గది ఎవరి చేతికి పోతుందన్నది అద్దె తేలుస్తుంది. గది పోతే పీట పోతుంది, పీట పోతే నేర్చుకునే కుర్రవాడు కూర్చునే చోటు పోతుంది. ఈ పని పుస్తకంలో రాసి భద్రపరిచేది కాదు, చేయి చూసి చేయి నేర్చుకునేది. అందుకే దీన్ని మోజుగా కొట్టిపారేయలేం.

ధర ఎక్కువ కదా, ఇది ధనికులకే అన్నది ఇంకో అభ్యంతరం, ఇది అన్నిటికంటే న్యాయమైనది. కాప్రిలో ఏదీ చౌక కాదు. రేవులో ఒడ్డున పడే ప్రతి తోలు ముక్క, ప్రతి మేకు పడవ కూలి మోసుకునే వస్తుంది. అయినా తూచవలసింది చెప్పు ధరను దాని ఆయుష్షుతో కలిపి. పట్టీ తెగితే విప్పి కొత్తది వేయవచ్చు, అరిగిన మడమ పొర మార్చవచ్చు. అచ్చు పోసి జిగురుతో అంటించిన చెప్పుకు ఆ అవకాశం లేదు. రాళ్లూ అలంకారాలూ లేని మామూలు తోలు పట్టీల జత ఎప్పుడూ మెరుపుల జత కంటే తక్కువకే వస్తుంది, పనితనంలో ఏ లోపమూ ఉండదు. కింది పట్టణం నుంచి బస్సెక్కి అనకాప్రి వెళితే హోటళ్ల సందడికి దూరంగా నెమ్మదిగా కూర్చోబెట్టి కొలతలు తీసుకునే కొట్లు కనిపిస్తాయి. ఒకరోజు యాత్రికులు తిరుగు పడవ ఎక్కే హడావిడి వేళ కాకుండా పొద్దున్నే వెళ్లడం మంచిది, ఎందుకంటే బిగువు సరిచూడటానికి తొడిగి నాలుగడుగులు వేసి చూసే తీరిక ఉండాలి.

చట్టం కూడా నెమ్మదిగా ఈ కొలత వైపే వచ్చింది. తిండి పదార్థాలకు, మద్యాలకు యూరప్‌లో భౌగోళిక గుర్తింపు రక్షణ ఎప్పటి నుంచో ఉన్నా, చేతిపనులకు యూరప్ సమాఖ్య స్థాయిలో అది చాలాకాలం లేదు. మన దేశంలో 1999 చట్టం చేనేతను, చేతిపనులను మొదటి నుంచీ కలుపుకుంది, పోచంపల్లి ఇక్కత్ తొలి నమోదుల్లోనే చేరింది. యూరప్ 2023లో చేతిపనులకు, పారిశ్రామిక వస్తువులకు ప్రత్యేక నిబంధన తెచ్చి 2025 డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. దాని ప్రకారం వస్తువు ఒక చోటి నుంచి రావాలి, దాని నాణ్యతో పేరో మరో లక్షణమో ఆ చోటికి చెంది ఉండాలి, తయారీలో కనీసం ఒక దశ అక్కడ జరగాలి. ముడిసరుకంతా అక్కడిదే కావాలన్న షరతు లేదు. అంటే టస్కనీ తోలుతో కాప్రిలో పాదం చూసి బిగించిన చెప్పుకు ఈ తలుపు మూసి లేదు. అయితే గుర్తింపు కోరేవాళ్లు అందరూ ఒప్పుకునే ఒక వివరణ రాసి ఇవ్వాలి: అడుగు ఎన్ని పొరలు, పట్టీ చీలికలోంచి దిగాలా పైన కుట్టవచ్చా, ఏ దశ దీవి మీదే జరిగి తీరాలి. ఎవరి నమూనాలు వాళ్లు దాచుకుంటూ, పక్క కొట్టుతో పోటీ పడుతూ బతికిన కుటుంబాలకు ఒకే కాగితం మీదికి రావడం కష్టమైన పని. ఆ కాగితంలో మొదటి వాక్యంగా ఉండవలసింది మాత్రం కొనే మనిషి పాదం ఎదుటే పట్టీ బిగించాలన్న షరతు, ఎందుకంటే దాన్ని తీసేస్తే మిగిలిన ప్రతి దశనూ రేపు ఏ కర్మాగారమైనా చేయగలదు.